వారానికో బకెట్ నీళ్లు... ఉగాదికి లిల్లీపూలు!

పోయిన నెల గిద్దలూరు వైపు పల్లె నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది కాబట్టి వేయడం లేదు. ఉత్తరంలో ఉన్న మాట మాత్రం పశ్చిమ ప్రకాశంలో చాలా ఇళ్లలో వినపడేదే.

"అక్కా! ఫోనులో ఎవరో పంపిన పూల బొమ్మలు చూశాను. ఉల్లిగడ్డలాంటి గడ్డలోంచి ముద్దముద్దగా నీలం పూలు. పేరు హయసింత్ అట. ఒక్క కాడ పూస్తే ఇల్లంతా వాసనేనట. ఒక గడ్డ తెప్పించి కుండీలో పెట్టుకోవాలని ఆశగా ఉంది. మా అత్తమ్మేమో 'తాగే నీళ్లు క్యాన్లు కొంటున్నాం, ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని పరిగెత్తుతున్నాం, ఇంక పూలకు కూడా పోయాలా?' అంటోంది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. ఇంతకీ నా ఆశ తప్పంటారా?"

ఆశ తప్పు కాదమ్మా. అత్తమ్మ మాటా తప్పు కాదు. చిక్కల్లా ఆ బొమ్మతోనే వచ్చింది! మన ఎండకు, మన నీళ్లకు సరిపడని మొక్కను చూసి మనసు పారేసుకున్నావు. మన దొడ్డిలో బతికే గడ్డ వేరే ఉంది. వాసనలో ఆ హయసింత్‌కు తీసిపోదు. దానికి తాగే నీళ్లలో ఒక్క గ్లాసు కూడా పోయనక్కర్లేదు. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

ఆ నీలం పూలు మనకెందుకు పూయవు?

హయసింత్, డాఫోడిల్, తులిప్... ఇవన్నీ చలి బాగా ఉండే చోట్ల వసంతంలో పూసే పూలు. హయసింత్ పుట్టిల్లు టర్కీ, సిరియా వైపు. వీటి గడ్డ కొనే నాటికే లోపల పూమొగ్గ తయారై ఉంటుంది. కాకపోతే ఆ మొగ్గ కాడతో సహా పైకి రావాలంటే పది పన్నెండు వారాలపాటు చలి తగలాలి. ఎంత చలి అనుకున్నారు? తొమ్మిది డిగ్రీల లోపు! సంక్రాంతి రోజుల్లో మార్కాపురంలో మనం దుప్పటి ముసుగుపెట్టి పడుకుంటాం గానీ, ఆ గడ్డకు అదొక చలే కాదు. చలి చాలకపోతే మొగ్గ ఆకుల మధ్యనే ఇరుక్కుపోతుంది. ఈలోగా ఎండ ముదిరి గడ్డ కుళ్లుతుంది. శ్రీనగర్‌లో 2007లో తెరిచిన తులిప్ తోటలో ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ పూలన్నీ విరగబూస్తాయంటే, అక్కడి మంచు చలవే అది.

(మన చెరువుల్లో అల్లుకుపోయే గుర్రపుడెక్కను ఇంగ్లీషులో వాటర్ హయసింత్ అంటారు. దానికీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. ఆ పేరు చూసి మోసపోకండి.)

నాకిది డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. ఒకసారి హైదరాబాదులో ఎగ్జిబిషన్‌కు వెళ్లి, అట్టపెట్టె మీద బొమ్మ చూసి మూడు హయసింత్ గడ్డలు కొన్నాను. "ఎక్కడైనా పూస్తాయండీ" అన్నాడు అమ్మేవాడు. ఇంటికి తెచ్చి కుండీలో పెట్టి పసిబిడ్డల్లా చూసుకున్నాను. నాలుగాకులు వచ్చాయి. ఆకుల నడుమ బొటనవేలంత మొగ్గ కనిపించింది. అక్కడితో సరి! శివరాత్రి నాటికి వేలుతో నొక్కితే మెత్తగా, కుళ్లిన ఉల్లిగడ్డ కంపు. అదే సమయంలో అంట్లు తోమే బండ పక్కన, మా పిన్నమ్మ ఎప్పుడో ఇచ్చిన లిల్లీ గుబురు, ఎవరూ పట్టించుకోకపోయినా రెండు కాడలు వేసి నిలబడింది. ఆ రోజు నాకు భలే సిగ్గేసింది.

మన వసంతానికి మన గడ్డ

పూలబజారులో లిల్లీ అంటే అందరికీ తెలుసు. పెద్దవాళ్లు నేలసంపెంగ అంటారు. కన్నడంవాళ్లకు సుగంధరాజ, హిందీవాళ్లకు రజనీగంధ. ఆ పేరుతో 1974లో ఒక హిందీ సినిమా కూడా వచ్చింది. మార్కాపురం చెన్నకేశవస్వామికి వేసే దండలో అయినా, పెళ్లిపందిరిలో అయినా, తెల్లగా మైనపు ముక్కలా మెరిసే ఆ పువ్వే ఇది.

దీని పుట్టిల్లు మెక్సికో. అక్కడ వానలు కొన్ని నెలలే, మిగతా కాలమంతా పొడి. అందుకే ఈ మొక్క గడ్డలో నీళ్లు, తిండి దాచుకోవడం నేర్చుకుంది. 2017లో శాస్త్రజ్ఞులు దీన్ని కిత్తనార జాతిలోనే చేర్చేశారు. పొలం గట్ల మీద, రైలుకట్టల పక్కన ముళ్ల మట్టలతో నిలబడి ఏ ఎండకూ చావని కిత్తనార ఉందే, దానికి మన లిల్లీ దగ్గర చుట్టమన్నమాట!

గడ్డ ఓపిక ఎంతటిదో చూడాలంటే నల్లమల అంచుకు వెళ్లండి. దిగువమెట్ట వైపు అడవుల్లాంటి ఎండు నేలల్లో నక్క ఉల్లిగడ్డ అని ఒకటి ఉంటుంది. మండుటెండల్లో, ఒక్క ఆకైనా లేకుండా, బండల మధ్య నుంచి ఒంటికాడతో పూస్తుంది. వానలు పడ్డాకే ఆకులు వేస్తుంది. అది విషపు గడ్డ, ఇంటికి తెచ్చుకునేది కాదు. చెప్పొచ్చేదేమిటంటే, మన నేలకు గడ్డమొక్కలు కొత్త కాదు. గులాబీకి నాలుగు రోజులు నీళ్లు తప్పితే అలిగి వాడిపోతుంది. గడ్డమొక్క అలగదు, కాచుకుని కూర్చుంటుంది.

ముందు నీళ్ల లెక్క

అత్తమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు మాటల్లో కాదు, లెక్కలో చెప్పాలి. రాసుకోండి.

పన్నెండు అంగుళాల కుండీలు నాలుగు పెట్టారనుకుందాం. ఒక్కో కుండీకి రోజు విడిచి రోజు ఒక చెంబు, అంటే సుమారు లీటరు. వారానికి మొత్తం పద్నాలుగు లీటర్లు. ఒక మామూలు బకెట్‌కు కాస్త తక్కువే.

మరి ఆ బకెట్ ఎక్కడినుంచి వస్తుంది? నలుగురున్న ఇంట్లో రెండు పూటలా బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు రోజుకు రెండు లీటర్లయినా ఉంటాయి. వారానికి పద్నాలుగు! అంటే ఆ నాలుగు కుండీలనూ మన వంటిల్లే పోషిస్తుంది. ట్యాంకరు నీళ్లు, క్యాను నీళ్లు ముట్టుకోనక్కర్లేదు. పొయ్యి పక్కన ఒక పాత గిన్నె పెట్టి ఆ నీళ్లు అందులో వంచడమే మీరు కొత్తగా అలవాటు చేసుకోవలసింది.

కొన్ని జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి.

ఉప్పు వేసిన గంజి, ఉప్పు నీళ్లలో నానబెట్టిన కూరగాయల నీళ్లు మొక్కకు పోయకండి. గిన్నెలు తోమిన సబ్బు నీళ్లూ వద్దు.

మన ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు శుద్ధిచేసే ఆర్వో ప్లాంటు ఒక గొట్టంలో మంచినీళ్లు ఇస్తూ, ఇంకో గొట్టంలో ఉప్పు, ఫ్లోరైడ్ అన్నీ గుచ్చెత్తిన నీళ్లు వదిలేస్తుంది. "వృథాగా పోతున్నాయి కదా" అని వాటిని కుండీలకు పోస్తుంటారు కొందరు. బండలు కడగడానికి వాడండి, కుండీలకు వద్దు. మట్టి పైన తెల్లటి పొర కట్టి, ఆకుల కొసలు ఎండిపోతాయి. బజారులో ఆకర్షణగా కనిపించే గ్లాడియోలస్ గడ్డలకు, ఫ్రీసియాకు ఫ్లోరైడ్ అసలే పడదు. అందుకే మన వైపు వాటి జోలికి పోవద్దంటాను.

బియ్యం కడిగిన నీళ్లు ఏ పూటవి ఆ పూటే పోయాలి. నిలవ ఉంచితే పులిసి దోమలు చేరతాయి.

కంభం చెరువు ఆయకట్టు కింద, బావిలో నీరు పుష్కలంగా ఉన్నవాళ్లకు ఈ లెక్కలతో పనిలేదు. కానీ వాళ్లకూ ఒక మాట. గడ్డమొక్కకు నీళ్లు తక్కువై చావడం అరుదు, ఎక్కువై చావడమే మామూలు.

గడ్డ ఎంచుకోవడం

లిల్లీలో ఒంటిరెక్కది, ముద్దది అని రెండు రకాలు. వాసనకు, దండకు ఒంటిరెక్కది మేలు. ముద్దది పూలసీసాలో పెట్టుకోవడానికి అందంగా ఉంటుంది, వాసన కొంచెం తక్కువ. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన రకాల్లో శృంగార్, ప్రజ్వల్ ఒంటిరెక్కవి. సువాసిని, వైభవ్ ముద్దవి. వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగును శృంగార్ బాగా తట్టుకుంటుంది.

రకం పేరు దొరకకపోయినా దిగులు వద్దు. పూలతోట వేసిన రైతుల దగ్గర, నర్సరీల్లో, ఇంకా ముందు మీ పక్కింటి దొడ్లో అడగండి. గడ్డ గంగరేగు పండంత లావుగా, గట్టిగా ఉండాలి. సన్నవి నాటితే ఈ ఏడు ఆకులే వస్తాయి. మెత్తబడినవి, బూజు పట్టినవి తీసి పారేయండి. తవ్విన గడ్డలను వెంటనే నాటకుండా నెల రోజులపాటు నీడలో, గాలి తగిలేలా ఆరబెట్టి నాటితే మొలక సమంగా వస్తుంది.

నాటే విధానం

కార్తీకమాసంలో, తుఫాను వానలు తగ్గుముఖం పట్టి, మట్టి తేమగా ఉండి నీళ్లు నిలవని రోజు చూసి నాటండి. వాన తడి మీదే వేర్లు దిగుతాయి గనుక మొదట్లో నీళ్ల పని తగ్గుతుంది. చలికి మొలక నిదానంగా వస్తుంది, కంగారుపడొద్దు. నాలుగైదు నెలల్లో, అంటే ఉగాదికి కాస్త అటూ ఇటూగా మొదటి కాడలు వస్తాయి. దసరాకు పూలు కావాలంటే జూన్‌లో మరో విడత వేసుకోవచ్చు.

మట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు. కుండీకి గుప్పెడు వేపపిండి. నల్లరేగడి మట్టయితే ఇసుక ఇంకో పాలు పెంచండి. కుండీ అడుగున చిల్లు మూసుకుపోకుండా రెండు పెంకు ముక్కలు వేయాలి. ఒక్కో కుండీలో నాలుగు గడ్డలు, మొలక వైపు పైకి ఉండేలా, రెండు అంగుళాల లోతున పెట్టండి. నేలలో అయితే గడ్డకూ గడ్డకూ జానెడు ఎడం ఉంచి, మడి కొంచెం ఎత్తుగా కట్టుకోండి. మొలక కనిపించేదాకా పైపైన తడిపితే చాలు.

పైన వేరుశనగ పొట్టో, కందిపొట్టో, వరిగడ్డో రెండు అంగుళాల మందాన పరవండి. ఎండాకాలంలో సగం నీళ్లు అదే కాపాడుతుంది.

మార్కాపురంవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. పలకల ముక్కలు! పలకల పని జరిగే చోట్ల పనికిరాదని పారేసిన ముక్కలు కావలసినన్ని ఉంటాయి. చిన్న ముక్క మీద మేకుతో రకం పేరు, నాటిన తేదీ గీసి కుండీలో గుచ్చండి. సుద్దముక్కతో రాస్తే మొదటి వానకే పోతుంది గానీ, మేకుతో గీసింది ఏళ్లు నిలుస్తుంది. పొడుగు ముక్కలు మడి చుట్టూ గట్టులా పాతుకోవచ్చు. అయితే ఎండకు పలకరాయి పెనంలా కాలుతుంది. ఆకులకు తగలకుండా బెత్తెడు దూరంలో పాతండి.

ఎవరి పక్కన ఎవరు?

లిల్లీ ఒంటరిగా ఉంటే కాడ తప్ప కింద చూడటానికి ఏమీ ఉండదు. పక్కన సరైన తోడు పెడితే మడి నిండుగా ఉంటుంది, మట్టి ఎండకు మాడదు.

మరువం: లిల్లీకి మంచి జోడీ. పొట్టిగా అల్లుకుంటుంది, వేర్లు లోతుకు పోవు. లిల్లీ ఆకుల నీడ దానికి హాయి. దండలో కూడా ఈ రెంటికీ ఎటూ జత కుదిరేదే.

మల్లె: ఉగాది నుంచి వేసవంతా పూసేది. పుష్యంలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, మాఘంలో ఎరువు వేస్తే మల్లె, లిల్లీ ఒకేసారి అందుతాయి. మల్లెపొద పెద్దది గనుక రెండు మూడు అడుగుల ఎడంగా పెట్టండి.

తులసి, దవనం: తులసి ఎప్పుడైనా సరే. దవనం చలికాలపు మొక్క, ఎండలు ముదిరేలోపు కోసుకోవాలి.

బంతి: లిల్లీ వేయబోయే మడిలో ముందు పంటగా బంతి వేయండి. బంతి వేర్లు నులిపురుగులకు పడవు. అయితే మడి మూలన ఒక మొక్క పెడితే లాభం లేదు. మడి నిండా వేసి, మూడు నెలలు పెరగనిచ్చి, పూలు కోసుకున్నాక మొక్కలను అక్కడే తవ్వి మట్టిలో కలపాలి.

మునగ: పడమటి దిక్కున ఒక మునగచెట్టు ఉంటే వైశాఖపు మూడు గంటల ఎండ నేరుగా పడకుండా జల్లెడ నీడ ఇస్తుంది. చిక్కటి నీడ మాత్రం పనికిరాదు. లిల్లీకి రోజూ ఐదారు గంటల ఎండ తగలాల్సిందే.

ఇక దూరం పెట్టవలసింది ఎవరినో తెలుసా? కనకాంబరాన్ని! దండలో ఆ రెండూ పక్కపక్కన ఎంత ముచ్చటగా ఉన్నా, మట్టిలో మాత్రం వద్దు. కనకాంబరం వేర్లకు నులిపురుగు త్వరగా పడుతుంది, అక్కడి నుంచి లిల్లీకి పాకుతుంది. వంగ, టమాటా, బెండ వేసి తీసిన మడిలో కూడా వెంటనే లిల్లీ నాటొద్దు. కారణం అదే.

వాసన లేకపోయినా రంగు కోసం గడ్డమొక్కలు కావాలంటే, ఎర్రగా పెద్ద పూలు పూసే అమరిల్లిస్ ఉగాది రోజుల్లోనే పూస్తుంది. మడి అంచున వాన లిల్లీలు వేస్తే తొలకరి పడిన నాలుగు రోజులకు గులాబీ రంగు పూలతో నిండిపోతుంది. సాయంత్రాలు సన్నటి వాసన ఇచ్చే తెల్లటి స్పైడర్ లిల్లీ ఒకసారి పాతితే చాలు, ఏళ్లకేళ్లు ఉంటుంది.

నీళ్లు అసలే లేని రోజుల్లో

మే నెలలో బియ్యం కడిగిన నీళ్లకు కూడా కరువొచ్చే రోజులుంటాయి. అప్పుడు ఏం చేయాలి? ఏమీ చేయకండి! నిజంగానే చెబుతున్నాను. కుండీని నీడకు జరిపి నీళ్లు మానేయండి. ఆకులు పసుపు పచ్చగా మారి ఎండిపోతాయి. చచ్చిపోయిందని కుండీ దిమ్మరించకండి. లోపల గడ్డ నిద్రపోతోందంతే. తొలకరి చినుకులు పడగానే మళ్లీ పచ్చగా మొలక తోసుకొస్తుంది.

ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదు. దాని చుట్టూ పిల్లగడ్డలు పుడతాయి. తర్వాత పూసేవి అవే. రెండు మూడేళ్లకు గుబురు ఇరుకై కాడలు సన్నబడతాయి. అప్పుడు తవ్వి, పెద్దవి వేరుచేసి నాటుకుని, మిగిలినవి చుట్టాలకు పంచండి. నాలుగు గడ్డలతో మొదలుపెట్టినవాళ్లు మూడో ఏటికి వీధంతటికీ పంచొచ్చు.

వంటింట్లో జాగ్రత్త!

ఇది తప్పక చదవండి. పూలగడ్డలు చూడ్డానికి చిన్న ఉల్లిగడ్డల్లానే ఉంటాయి. అమరిల్లిస్, స్పైడర్ లిల్లీ, డాఫోడిల్ గడ్డలు తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నేలసంపెంగ గడ్డ కూడా తినేది కాదు. అందుకని ఆరబెట్టిన గడ్డలను ఉల్లిపాయల బుట్ట దగ్గర, వంటింటి అటక మీద పెట్టకండి. గుడ్డసంచిలో కట్టి, "పూలగడ్డలు" అని చీటీ అతికించి, పిల్లలకు అందకుండా వేరే గదిలో వేలాడదీయండి. చదువురాని పెద్దవాళ్లు, కొత్తగా వచ్చిన పనిమనిషి ఇంట్లో ఉంటే నోటితో కూడా చెప్పి ఉంచండి. ఎవరైనా పొరపాటున తింటే చిట్కా వైద్యాలు చేస్తూ కూర్చోకుండా, మిగిలిన గడ్డముక్క పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కోసే వేళ

దండకు కావాలంటే తెల్లవారకముందే, విచ్చడానికి సిద్ధంగా ఉన్న మొగ్గలు కోయండి. సీసాలో పెట్టుకోవాలంటే కింది మొగ్గలు ఒకటి రెండు జతలు విచ్చాక కాడ మొత్తం కోయాలి. మిగతావి కిందినుంచి పైకి రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటాయి. రోజూ నీళ్లు మార్చి, కాడ కొసను అర అంగుళం కత్తిరిస్తే వారం దాకా ఉంటాయి. పొద్దుగూకాకే దీని వాసన పెరుగుతుంది. రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులను పిలవడానికి మొక్క వేసే ఎత్తు అది! ఘాటు వాసనకు తలనొప్పి వచ్చేవాళ్లుంటే సీసాను పడకగదిలో కాకుండా వసారాలో పెట్టండి.

మీ ప్రశ్నలు

*మొక్క ఏపుగా ఉంది, పూలు లేవు. ఎందుకని?* (మార్కాపురం)
మూడు కారణాలుంటాయి. గడ్డ సన్నదైనా కావచ్చు, నీడ ఎక్కువైనా కావచ్చు, యూరియా ఎక్కువ వేసినా కావచ్చు. కుండీని ఎండలోకి జరపండి, యూరియా మానండి. నెలకోసారి చివికిన ఎరువు రెండు గుప్పెళ్లు వేస్తే చాలు.

*మొదట్లో తెల్లటి బూజు పట్టి మొక్క ఒరిగిపోతోంది.* (కంభం)
ఇది మొదలు కుళ్లు. నీళ్లు నిలవడం వల్ల ముదురుతుంది. ఆ మొక్కను చుట్టూ మట్టితో సహా తీసి దూరంగా పారేయండి. మిగతా మడి ఆరనిచ్చి, మళ్లీ నాటేటప్పుడు ఎరువులో ట్రైకోడెర్మా పొడి కలిపి వేయండి.

*ఒక్కసారైనా హయసింత్ పూయించి చూడాలని ఉంది, దారే లేదా?* (గిద్దలూరు)
దారి ఉంది. అక్టోబరులో గడ్డను కాగితపు సంచిలో చుట్టి, పేరు రాసి, ఫ్రిజ్‌లో కింది అరలో పన్నెండు వారాలు ఉంచాలి. ఆ అరలో పండ్లు పెట్టకూడదు. మాగే పండ్ల నుంచి వచ్చే వాయువుకు లోపలి మొగ్గ పాడవుతుంది. సంక్రాంతి ముందు తీసి, చల్లటి గదిలో కుండీలో పెడితే కొన్ని వారాల్లో పూస్తుంది. గడ్డ ముట్టుకుంటే కొందరికి చేతులు దురదపెడతాయి, కవరు తొడుక్కోండి. మన ఎండకు ఆ గడ్డ రెండో ఏడు పూయదు, మళ్లీ కొనాల్సిందే. ఒక్క గడ్డతో సరదా తీర్చుకోండి. అంతకుమించి డబ్బు పోయకండి.

చివరగా, ఉత్తరం రాసిన చెల్లెలికి. మా అత్తగారు కూడా మొదట్లో నా కుండీలు చూసి గొణిగేవారు. నేను వాదించలేదు. మొదటి కాడ పూసిన రోజు పొద్దున్నే దేవుడి దగ్గర పెట్టాను, అంతే. ఆ సాయంత్రం దీపం పెట్టి చాలాసేపు అక్కడే కూర్చున్నారు. మర్నాడు నేను బియ్యం కడగబోతే, "ఆ నీళ్లు పారబోయకు, ఇటివ్వు" అని గిన్నె చేతికి తీసుకుని కుండీల వైపు నడిచారు. మీ ఇంట్లోనూ అలాగే జరుగుతుందని నేను పూచీ పడలేను. కానీ నీళ్ల లెక్క మాత్రం ఆవిడకు కాగితం మీద వేసి చూపించు. క్యాను నీళ్లు ఒక్క చుక్క తగ్గవని తెలిస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది.

వచ్చే వారం: వడగాడ్పులకు కరివేపాకు మొక్క మాడిపోకుండా ఏం చేయాలి?